స్లాబు దాటని వైఫై

గుంటూరులో మా పెద్దమ్మ వాళ్లది కింద ఒకటి, పైన రెండు అంతస్తులున్న ఇల్లు. రెండు వందల గజాల జాగా. మోకాళ్ల నొప్పులు ముదిరాక పెదనాన్న మెట్లెక్కడం మానేసి కింది పడగ్గదికి మారారు. డాలస్‌లో ఉండే పెద్దన్నయ్య ఆదివారం పొద్దున వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆయన ఫోను పట్టుకుని గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి వచ్చి, చివరికి మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని మాట్లాడేవారు. ఆ ఇంటికి ఉన్నది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రెండో అంతస్తులో ఉండే చిన్నన్నయ్య, వదినల ఆఫీసు మీటింగులు, పిల్లల పాఠాలు, సినిమాలు అన్నీ ఒకేసారి నడిచిపోతాయి. కింద మాత్రం మనవడి ముఖం కదలకుండా నిలిచిపోతుంది, మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. "కంపెనీ మార్చేద్దామంటావా, నాన్నా?" అని పెద్దమ్మ నన్నడిగింది.

కంపెనీ మారిస్తే ఆ గదికి ఒరిగేదేమీ లేదు. ప్లాను 100 నుంచి 300కు పెంచినా అంతే. వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. మంచి స్పష్టతతో సినిమా చూడాలంటే ఐదారు, పెద్ద టీవీలో 4కే బొమ్మకు పాతిక. నలుగురైదుగురున్న ఇంటికి వంద అనేది సమృద్ధి. డాబా మీద ట్యాంకు నిండుగా ఉన్నా, కిందికి దిగే పైపు పూడుకుపోతే కొళాయిలో చుక్కలే పడతాయి. ట్యాంకు పక్కన ఇంకో ట్యాంకు ఎక్కించినంత మాత్రాన ధార పెరగదు. మన మేడల్లో వైఫై బాధ చాలావరకు ఈ పైపు బాధే. అందుకే డబ్బు ఖర్చు పెట్టే ముందు సిగ్నల్ ఏ దారిన వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది తెలుసుకోవాలి.

ముందు ఆ ఫైబర్ పెట్టె ఎక్కడుందో చూడండి. మన ఊళ్లలో ఫైబర్ తీగ వీధి స్తంభం మీంచి నేరుగా డాబా మీదకు వస్తుంది. బిగించడానికి వచ్చినవాళ్లు తీగ ఎక్కడ లోపలికి దిగడానికి వీలుగా ఉంటే అక్కడే పెట్టె పెట్టి వెళ్లిపోతారు. పెద్దమ్మ వాళ్లింట్లో అది రెండో అంతస్తు హాల్లో, టీవీ కోసం చేయించిన చెక్క అలమరలో, టీవీ వెనక ఉంది. అంటే ఇంటికంతటికీ ఒక కొసన. దాని సిగ్నల్‌లో సగం పక్కింటి డాబా మీదకు పోతోంది. పెదనాన్న గదికి రావాల్సింది రెండు స్లాబులు, మూడు గోడలు, ఒక ఇనుప బీరువా దాటి రావాలి.

స్లాబు ఎందుకంత గట్టి అడ్డమో తెలిస్తే మిగతా పని సగం తేలికవుతుంది. వైఫై పెట్టెలు ప్రధానంగా రెండు రకాల రేడియో తరంగాల మీద మాట్లాడతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండోదానిది ఐదారు సెంటీమీటర్లు. పొడుగు తరంగం గోడల్లోంచి కాస్త మెరుగ్గా దూరుతుంది, కానీ మోసే సరుకు తక్కువ. పొట్టి తరంగం బోలెడు సరుకు మోస్తుంది, కానీ అడ్డం వస్తే త్వరగా నీరసిస్తుంది. మన స్లాబు నాలుగైదు అంగుళాల కాంక్రీటు. లోపల ఆరేసి అంగుళాలకొక చువ్వ చొప్పున అడ్డంగా నిలువుగా ఇనుప అల్లిక. పైన సిమెంటు, ఆ పైన టైల్సో గ్రానైటో. ఈ మందం దాటేసరికి 2.4 దగ్గర సుమారు 10 నుంచి 15 డెసిబెల్స్, 5 దగ్గర 20కి పైగా పోవడం మామూలే. డెసిబెల్ లెక్కలో 10 తగ్గితే బలం పదో వంతుకు, 20 తగ్గితే నూరో వంతుకు పడిపోతుంది. 5 తరంగం రెండు స్లాబులు దాటితే పదివేలలో ఒక వంతు. గోడలు, బీరువా ఇంకా లెక్కలోకి రాలేదు. దాంతో పోలిస్తే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ నయం. పక్క గదికి సిగ్నల్ వచ్చి, కింది గదికి రాకపోవడానికి కారణం ఇదే.

ఇనుము ఎక్కడున్నా సిగ్నల్‌ను తిప్పికొడుతుంది. బీరువా, ఫ్రిజ్, దోమలు రాకుండా కిటికీకి బిగించిన ఇనుప జాలీ, పెద్ద నిలువుటద్దం వెనకుండే లోహపు పూత, అన్నీ ఆ జాతివే. నీళ్లు సిగ్నల్‌ను తాగేస్తాయి. కాబట్టి నీళ్ల ట్యాంకు కిందా, చేపల తొట్టె వెనకా పెట్టె పెట్టకూడదు.

యాంటెనాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెట్టెకున్న కొమ్ములు నిటారుగా నిలబెడితే సిగ్నల్ పైకి ఎక్కువ పోతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. గారె మధ్యలోని చిల్లులో పుల్ల గుచ్చి నిటారుగా పట్టుకున్నట్టు ఊహించండి. పుల్ల యాంటెనా, గారె సిగ్నల్. అది చుట్టూ పక్కలకు పరుచుకుంటుంది, పుల్ల కొసల వైపు అంటే సరిగ్గా పైకీ కిందికీ చాలా తక్కువ. రెండు యాంటెనాలుంటే ఒకదాన్ని నిటారుగా ఉంచి, ఇంకోదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. ఒక అంతస్తు తేడాకు ఇది ఎంతోకొంత మేలు చేస్తుంది. ఖర్చు లేని పని కాబట్టి మొదట ఇదే చేయాలి. పెట్టెను అలమరలోంచి తీసి మనిషి ఛాతీ ఎత్తున, గాలాడే చోట పెట్టడం రెండోది.

ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తున్నా కాల్ తెగిపోవడం చాలా ఇళ్లలో చూస్తాం. దీనికో కారణం ఉంది. గుడి మైకు ఊరంతా వినిపిస్తుంది, ఊరి చివర ఉన్న మనిషి "వినపడుతోందయ్యా" అని అరిస్తే మాత్రం గుడిలో ఎవరికీ వినిపించదు. రూటరు కరెంటు మీద నడిచేది, గట్టిగా మాట్లాడగలదు. ఫోను బ్యాటరీ మీద నడిచేది, దాని గొంతు చిన్నది. వైఫై రెండు వైపులా సాగే సంభాషణ. ఫోను మాట పెట్టెకు చేరకపోతే గీతలెన్ని ఉన్నా పని జరగదు. అందుకే ఎక్కువ శక్తితో అరిచే ఒక పెద్ద పెట్టె కొనడం కంటే మనిషికి దగ్గరలో ఉండే చిన్న పెట్టెలు మేలు.

కొనే ముందు కొలవండి. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై బలాన్ని అంకెల్లో చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఐఫోనులో యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ అనే యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో దాని వైఫై స్కానర్‌ను ఆన్ చేసుకోవాలి. కనిపించే అంకె డీబీఎం అనే కొలతలో, ముందు మైనస్ గుర్తుతో ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 అంటే పెట్టె పక్కనే ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఢోకా లేదు. 70 దాటాక తడబాటు మొదలవుతుంది. 80 దాటితే వైఫై పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు. మైనస్ 60కీ 70కీ మధ్య ఉన్నది పదింతల తేడా అని మరచిపోవద్దు. ఒక కాగితం మీద ప్రతి అంతస్తూ గీసుకుని, గది గదికీ వెళ్లి, తలుపులు మామూలుగా ఎలా ఉంటాయో అలా ఉంచి, అంకె రాసుకోండి. పెద్దమ్మ వాళ్లింట్లో రెండో అంతస్తు హాలు మైనస్ 42, మొదటి అంతస్తు హాలు మైనస్ 68, పెదనాన్న మంచం దగ్గర మైనస్ 86. మెట్ల మలుపులో మాత్రం, కిందికి దిగినా, మైనస్ 61. ఆ ఒక్క అంకె తర్వాత మాకు దారి చూపించింది.

కొలవడానికి ముందు, చాలామందిలాగే మేమూ ఒక ఎక్స్‌టెండర్ తెచ్చి పెదనాన్న గదిలోనే ప్లగ్గుకు పెట్టాం. గీతలు నిండిపోయాయి, కాల్ మాత్రం ఎప్పటిలాగే ఆగిపోయింది. తప్పు ఆ పరికరానిది కాదు, పెట్టిన చోటుది. ఎక్స్‌టెండర్ సిగ్నల్‌ను తయారు చేయదు. తనకు వినిపించినదాన్ని మళ్లీ చెబుతుంది. దానికే మైనస్ 86లో సగం సగం వినిపిస్తుంటే, ఆ సగం సగాన్నే గట్టిగా చెబుతుంది. సిగ్నల్ లేని గదిలో ఎక్స్‌టెండర్ పెట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. అది ఉండాల్సింది మంచి సిగ్నల్‌కూ చీకటి గదికీ నడుమ, తనకు ఇంకా మైనస్ 60, 65 అందుతున్న చోట.

ఇంకో లోపం కూడా ఉంది. ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండర్ ఒకే సమయంలో వినడమూ చెప్పడమూ చేయలేదు. నూతి దగ్గర ఒక్క మనిషే బిందె అందుకుని, నడిచి వెళ్లి, పోసి, మళ్లీ తిరిగి వచ్చినట్టు. అందువల్ల వేగం సగానికి సగం పడిపోతుంది. అలాంటి రెండు అంచెలుంటే మళ్లీ సగం.

దీనికన్నా మెరుగైన మార్గం మెష్. మెష్ అంటే వల. ఇంట్లో రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఒకే వైఫైలా నడవడం. 2016లో ఈరో అనే అమెరికన్ కంపెనీ, అదే ఏడాది చివర్లో గూగుల్ ఇలాంటి సెట్లను ఇళ్ల కోసం అమ్మకానికి తెచ్చాయి. తర్వాత రూటర్లు చేసే కంపెనీలన్నీ అదే బాట పట్టాయి. ఎక్స్‌టెండర్ కన్నా ఇది తెలివైనది. ఏ పెట్టె ఏ పెట్టె ద్వారా వెళితే మేలో తానే చూసుకుంటుంది, ఒకటి ఆగిపోతే ఇంకో దారి వెతుక్కుంటుంది, అన్నిటినీ ఫోనులోని ఒక్క యాప్ నుంచి చూసుకోవచ్చు. మంచి సెట్లలో పెట్టెల మధ్య మాటలకే ఒక ప్రత్యేక రేడియోను కేటాయిస్తారు. వాటిని ట్రై బ్యాండ్ అంటారు. అప్పుడు వేగం సగానికి పడే బాధ తగ్గుతుంది.

అయితే పెట్టె అట్ట మీద "మూడు పెట్టెలతో ఇన్ని వేల చదరపు అడుగులు" అని రాసి ఉండే అంకెను మన ఇళ్లకు యథాతథంగా నమ్మకండి. డాలస్‌లో పెద్దన్నయ్య ఇల్లు మా పెద్దమ్మ వాళ్ల ఇంటికన్నా పెద్దది. రెండు పెట్టెలతో మేడ మీద పడగ్గదుల దాకా సరిపోతోంది. కారణం, అక్కడి ఇళ్లు చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టి కట్టినవి. అంతస్తుకూ అంతస్తుకూ నడుమ ఉన్నదీ చెక్కే. ఆ పలకలు సిగ్నల్‌ను పెద్దగా ఆపవు. అక్కడ బాగా పనిచేసిందని అన్నయ్య అలాంటిదే మూడు పెట్టెల సెట్టు కొని, సెలవులకు వస్తూ సూట్‌కేసులో తెచ్చాడు. ప్రేమతో తెచ్చినదాన్ని కాదనలేం గానీ, ఇలా తెచ్చుకునేవాళ్లు రెండు విషయాలు తెలుసుకోవాలి. అక్కడ కొన్నది అక్కడి ఛానళ్ల నిబంధనల ప్రకారం తయారై ఉంటుంది, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. ఇక్కడ దొరికేవి ఇక్కడే కొనడం సుఖం.

ఆ మూడింటినీ అంతస్తుకొకటి చొప్పున హాళ్లలో, టీవీల పక్కన పెట్టాం. మొదటి అంతస్తు బాగుపడింది. కింద పదిహేను ఎంబీపీఎస్ వచ్చేది, మధ్యమధ్య తెగేది. యాప్‌లో చూస్తే కింది పెట్టెకూ మధ్య పెట్టెకూ నడుమ సంబంధం బలహీనం అని ఉంది. మెష్ గురించి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మెష్ ఎంత బాగుంటుందన్నది పెట్టెల మీద కన్నా వాటి మధ్య ఉన్న దారి మీద ఆధారపడుతుంది. మూడు పెట్టెలు, మధ్యలో రెండు స్లాబులు. స్లాబులు అలాగే ఉన్నంతకాలం ఎంత ఖరీదైన పెట్టె తెచ్చినా అదే ఇబ్బంది.

వైరు వేయలేని అద్దె ఇళ్లలో, పాత ఇళ్లలో ఆ దారికి ఉన్న మంచి మార్గం మెట్ల దారి. స్లాబులో పెద్ద కన్నం ఉన్నది అక్కడొక్కచోటే. పెట్టెలను హాళ్లలోంచి తీసి మెట్లకు ఆనుకున్న గోడల దగ్గర, వీలైతే మెట్ల మలుపుల్లో పెడితే అవి ఒకదాన్నొకటి దాదాపు చూసుకుంటాయి. మేమూ అలాగే చేశాం. కింది వేగం పదిహేను నుంచి నలభైకి పెరిగింది.  మెట్ల దగ్గర ప్లగ్గు పాయింటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత ఒకటి వేయించుకోండి. పొడిగింపు వైర్లు మెట్ల మీదుగా లాగొద్దు, పెద్దవాళ్లు కాలు తట్టుకుని పడతారు. పెట్టెలను గొలుసులా కాకుండా వీలైతే మొదటిదాన్ని మధ్య అంతస్తులో పెట్టి, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేలా చూడండి. అప్పుడు ఏ గదికైనా ఒక్క అంచే. ఫైబర్ పెట్టె పై అంతస్తులో ఉంటే దాన్ని మధ్యకు దింపమని కంపెనీవాళ్లనే అడగొచ్చు. ఫైబర్ తీగ సన్నది, మెట్ల పక్కగా సులభంగా దిగుతుంది. ఈ ఒక్క మార్పుతోనే మెష్ అవసరం తీరిపోయిన ఇళ్లు నేను చూశాను.

వైరు వేయగలిగితే మాత్రం ఇక ఆలోచించొద్దు. పెట్టెకూ పెట్టెకూ మధ్య ల్యాన్ వైరు ఉంటే స్లాబు లేనట్టే. ఆ వైరు మీద ఒక గిగాబిట్, అంటే వెయ్యి ఎంబీపీఎస్, నూరు మీటర్ల దాకా తగ్గకుండా పోతుంది. వాన, పక్కింటి వైఫై, మూసిన తలుపు, ఏవీ దాన్ని తాకవు. పెట్టెలోని రేడియోలన్నీ మన ఫోన్లకే మిగులుతాయి. మామూలు రెండు పెట్టెలు వైరుతో కలిపితే, వైరు లేని ఖరీదైన సెట్టు కన్నా నిలకడగా పనిచేస్తాయి.

గోడలు పగలగొట్టాలని భయపడకండి. చాలా ఇళ్లలో దారి ఎప్పుడో వేసి ఉంటుంది. కేబుల్ టీవీ రోజుల్లో డాబా మీంచి ప్రతి అంతస్తుకూ ఒక పైపు వేసేవారు. డిష్ యాంటెనా వైరు, పాత టెలిఫోను వైరు దిగిన పైపులూ ఉంటాయి. ఇప్పుడు పని లేని ఆ వైరు చివరకు కొత్త వైరు కట్టి, పై నుంచి ఒకరు వదులుతూ కింద ఒకరు లాగితే అదే దారిలో కొత్తది దిగుతుంది. పెద్దమ్మ వాళ్లింట్లో అలాగే పాత కేబుల్ పైపు దొరికింది. ఎలక్ట్రీషియన్, ఆయన కుర్రాడు, గంటన్నర పని. పైపు లేకపోతే మెట్ల గోడ వెంట ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ కొట్టి అందులో దింపొచ్చు. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. 230 వోల్టుల కరెంటు వైర్లున్న పైపులోంచి ల్యాన్ వైరు లాగించవద్దు. ఇన్సులేషన్ దెబ్బతింటే ప్రాణాపాయం. ఇంటి బయటి గోడ మీదుగా వేయాల్సి వస్తే ఎండకు పగలని, బయట వాడకానికి చేసిన వైరే వేయించండి. పిడుగులు ఎక్కువగా పడే చోట ఆ బయటి భాగానికి ఫైబర్ తీగ వాడితే పరికరాలకు రక్షణ.

వైరు కొనేటప్పుడు క్యాట్ 6 అడగండి. క్యాట్ 5ఈ కూడా గిగాబిట్‌కు సరిపోతుంది, ధరలో తేడా కొద్దే. అసలు చూడాల్సింది లోపలి తీగ. చౌక వైర్లలో అల్యూమినియం తీగకు పైన రాగి పూత ఉంటుంది. బ్లేడుతో తీగను గీరి చూడండి. లోపల తెల్లగా వెండిలా మెరిస్తే వద్దు. అది వంచితే విరుగుతుంది, కొన్నాళ్లకు కొనల దగ్గర పట్టు వదులుతుంది. మొత్తం రాగే అయితే ఒకసారి వేసిన వైరు చాలా ఏళ్లు ఉంటుంది. గోడలోకి పోయే వస్తువు దగ్గర పొదుపు చేయకూడదు.

వైరు లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. రెండు జతలు బాగుంటే చాలు, 100 వేగంతో నడిచిపోతుంది. అందువల్ల కొన సరిగా బిగించకపోయినా ఎవరికీ వెంటనే తెలియదు. నెట్టు వస్తూనే ఉంటుంది, ఎప్పుడూ వంద దాటదు. పనివాళ్లు వెళ్లేలోపే యాప్‌లోగానీ ల్యాప్‌టాప్‌లోగానీ ఆ లింకు 1000 చూపిస్తోందో, 100 చూపిస్తోందో చూడండి. 100 అంటే కొన కోసి మళ్లీ బిగించమనండి. రెండు కొనల్లోనూ రంగుల వరుస ఒకటే ఉండాలి. సాధారణంగా వాడేది ఎడమ నుంచి తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ.

కరెంటు వైర్ల మీదుగానే ఇంటర్నెట్ పంపే అడాప్టర్లూ ఉన్నాయి. మన మేడల్లో తరచుగా అంతస్తుకొక మీటరు, ఒక్కోదానికి వేరే ఫేజు, నడుమ ఇన్వర్టరు ఉంటాయి. ఆ అడ్డంకులు దాటేసరికి వాటి వేగం ఎంత మిగులుతుందో ముందుగా చెప్పలేం. తిరిగి ఇచ్చే వీలుంటేనే ప్రయత్నించండి.

వైరు వేశాక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది అక్కడే చిక్కుకుంటారు. ఫైబర్ కంపెనీ ఇచ్చే పెట్టె తానే ఒక రూటరు కూడా. దానికి మెష్ సెట్టు తగిలిస్తే ఇంట్లో ఇద్దరు పెద్దలు తయారవుతారు. పాత పెట్టె కింద ఉన్న టీవీ, కొత్త పెట్టె కింద ఉన్న ఫోను రెండు వేరువేరు ఇళ్లలో ఉన్నట్టే. ఫోనులోంచి టీవీకి బొమ్మ పంపాలంటే కుదరదు, ప్రింటరు కనబడదు, సీసీ కెమెరా బయటి నుంచి అందదు. దీనికి సులువైన విరుగుడు, మెష్ యాప్‌లో "యాక్సెస్ పాయింట్ మోడ్" ఎంచుకోవడం. అప్పుడు చిరునామాలు పంచే పెత్తనం పాత పెట్టెకే ఉంటుంది, మెష్ సిగ్నల్ మాత్రమే పంచుతుంది. పిల్లల ఫోన్లకు వేళలు పెట్టడం వంటి కొన్ని సౌకర్యాలు ఈ మోడ్‌లో పనిచేయకపోవచ్చు. అవి కావాలనుకుంటే ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చమని కంపెనీని అడగాలి. ఆ పెట్టెకు ల్యాండ్‌లైన్ ఫోను తగిలించి ఉంటే మార్చే ముందు దాని సంగతి కూడా అడగండి. ఏది చేసినా పాత పెట్టె వైఫైని ఆపేయండి. ఆపకపోతే ఫోన్లు అలవాటైన పాత పేరునే పట్టుకుని వేలాడతాయి.

ఈ వేలాడటం మెష్‌లో కూడా కొంత ఉంటుంది. ఏ పెట్టెను పట్టుకోవాలన్న నిర్ణయం ఫోనుదే. పెట్టెలు "అటు వెళితే బాగుంటుంది" అని సూచన మాత్రమే ఇవ్వగలవు. పాత ఫోన్లు ఆ సూచన వినవు, కింద గదికి వచ్చాక కూడా పై అంతస్తు పెట్టెనే అంటిపెట్టుకుంటాయి. పెట్టెలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నా, మరీ ఎక్కువగా ఉన్నా ఇది ముదురుతుంది. అందుకే అంతస్తుకు ఒకటి చాలు. పన్నెండు వందల చదరపు అడుగుల అంతస్తులో రెండు పెట్టాల్సిన అవసరం అరుదు. నడుస్తూ కాల్ మాట్లాడేవాళ్లు ఫాస్ట్ రోమింగ్ అనే సౌకర్యాన్ని ఆన్ చేసుకోవచ్చు. అది ఆన్ చేశాక పాత ప్రింటరో వైఫై బల్బో కలవనని మొరాయిస్తే ఆపేయండి. అలాంటి బల్బులు, గీజరు ప్లగ్గులు, చౌక కెమెరాలు చాలావరకు 2.4లోనే మాట్లాడతాయి. మొదటిసారి కలపడం కుదరకపోతే కాసేపు 5ను ఆపి, కలిపాక మళ్లీ వేయండి.

2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. అపార్టుమెంట్లలో, ఇరుకు వీధుల్లో పక్కిళ్లన్నీ వాటిలోనే ఉంటాయి. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ దగ్గర మరిన్ని ఛానళ్లను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది కాబట్టి అక్కడ చోటు విశాలం. ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లు 5లో ఉండేలా చూసుకోవాలి. ఆ 5 తరంగం స్లాబు దగ్గర నీరసిస్తుంది కాబట్టే అంతస్తుకొక పెట్టె కావాలనేది.

కరెంటు పోయినప్పటి సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. పెద్దమ్మ వాళ్లింట్లో కింద ఒక మీటరు, పైన ఒక మీటరు. ఇన్వర్టరు పైనే ఉంది. కరెంటు పోతే పై పెట్టెలు బతికి, కిందిది ఆరిపోయేది. పన్నెండు వోల్టుల చిన్న రూటర్ యూపీఎస్‌లు ఇప్పుడు అన్ని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. పెట్టె అడుగున రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేదే కొనాలి. ల్యాన్ వైరు మీదుగానే కరెంటు పంపే పీఓఈ పెట్టెలైతే అన్నిటినీ ఒకే చోట ఒకే ఇన్వర్టరుకు తగిలించవచ్చు.

ఇన్ని చెప్పాక కొనడం గురించి చెప్పాల్సింది తక్కువే. వైఫై 6 సెట్టు ఇవాళ్టి ఇళ్లకు సరిపోతుంది. వైఫై 7 పరికరాలకు 2024 జనవరిలో ధ్రువీకరణ మొదలైంది గానీ, అందులోని 6 గిగాహెర్ట్జ్ తరంగం స్లాబు ముందు 5 కన్నా ఇంకా బలహీనం. ప్రతి పెట్టెకూ కనీసం రెండు గిగాబిట్ పోర్టులు ఉన్నాయో లేదో చూడండి. కొన్ని సెట్లలో ఉప పెట్టెలకు పోర్టే ఉండదు. 2019లో వచ్చిన గూగుల్ నెస్ట్ వైఫై పాయింటు అలాంటిదే. వైరు వేసుకోవాలనుకునేవారికి అది పనికిరాదు.

ఇల్లు కడుతున్నవాళ్లకు మాత్రం ఒక విన్నపం. స్లాబు సెంట్రింగ్ వేసి, చువ్వలు పరిచి, కరెంటు పైపులు వేసే రోజున ఒక పూట అక్కడ నిలబడండి. టీవీ వచ్చే గోడ నుంచి మెట్ల గోడ దాకా, అక్కడి నుంచి ప్రతి అంతస్తు హాలు మధ్యకూ, డాబా మీదకూ విడిగా ఒక అంగుళం పైపు వేయమని చెప్పండి. మలుపులు తక్కువగా, వంపులు నిదానంగా ఉండాలి. పైపులో ఇప్పుడే వైరు వేయకపోయినా ఫరవాలేదు, లాగడానికి ఒక తీగ మాత్రం వదిలి రెండు కొనలూ మూయించండి. కాంక్రీటు పోశాక అదే పని చేయాలంటే గాడి కొట్టాలి, ప్లాస్టరింగ్ మళ్లీ చేయాలి, రంగులు మళ్లీ వేయాలి.

పెద్దమ్మ వాళ్లింట్లో వైరు దిగిన సాయంత్రం పెదనాన్న మంచం దగ్గర మళ్లీ కొలిచాను. మైనస్ 48. వేగం తొంభై నాలుగు. ఆదివారం దాకా ఆగకుండా అప్పుడే అన్నయ్యకు కాల్ కలిపారు. డాలస్‌లో ఇంకా తెల్లవారుతోంది. నిద్ర కళ్లతో లేచి వచ్చిన మనవడు "తాతయ్యా, ఇవాళ మెట్ల దగ్గర కూర్చోలేదేంటి?" అని అడిగాడు.